నోరు మూయించే కార్డు

విస్సన్నపేట రోడ్డు దాటాక వచ్చే కొండయ్య మామిడి తోటలోకి చీకటి పడితే ఎవరూ అడుగు పెట్టరు. కొమ్మలకి కట్టిన కిరసనాయిలు డబ్బాలు గాలి లేకపోయినా మోగుతాయంటారు...

కొండయ్య ఆ తోటకి కాపలాదారు. గబ్బిలం వాలినా, ఉడత కదిలినా తాడు లాగి డబ్బాలు మోగించేవాడు. నిద్ర పట్టడం లేదని తోట షావుకారు ఓ రోజు ఆ తాడు కోయించేశాడు. ఆ రాత్రే చిన్నరసాలు మాగేసిన పాక అంటుకుంది. లోపల కొండయ్య తాడు కోసం ఎంత తడుముకున్నాడో — ఎవరికీ ఏమీ వినపడలేదు. ఇది యాభై తొమ్మిదిలో మాట.

ఆ పక్క ఊరి చిన్నరాయప్పకి దెయ్యాలంటే నమ్మకం లేదు. భయం ఉంది, అంతే. తన తెలివికి తనే నవ్వుకుంటూ అతను చెప్పిందే ఈ కథ.

అరవై ఎనిమిదిలో హైదరాబాదులో కంప్యూటర్ దగ్గర కొత్తగా ఉద్యోగంలో చేరాడు. అట్టకార్డులకి చిల్లులు పొడిచి వరసగా పేర్చి ఇస్తే ఆ యంత్రం చదివి లెక్క కడుతుంది. చిల్లులు పొడవడానికా నిన్ను అంత చదివించింది అని తల్లి రిబ్కమ్మ దెప్పేది.

అతనికి అప్పజెప్పిన వంతెన లెక్క ఎన్నిసార్లు వేసినా తప్పే. సోమవారానికి కుదరకపోతే మూటాముల్లె సర్దుకోమన్నాడు పై ఆఫీసరు. కూర్చుని చేత్తో సరిచూసుకుందామని కార్డుల పెట్టెతో ఊళ్లో ఇంటికొచ్చాడు. తప్పు దొరకలేదు. అనుమానం ఉన్నచోటల్లా 'ఇది చూసుకో' అని యంత్రం హెచ్చరికలు అచ్చు వేసిస్తుంది. కానీ చీటికీమాటికీ ఈ సణుగుడేంటని, మొదట్లోనే ఓ కార్డు పెట్టి దాని నోరు మూయించాడు మనవాడు. గొప్పగా దానికి ఎర్ర పెన్సిలుతో గీత కూడా గీశాడు.

ఆదివారం తెల్లవారుజామున మూడింటికి, నూజివీడులో మొదటి బస్సు అందుకోవాలని అడ్డదారి పట్టాడు.

"తోటలోంచి పోతే పోయావు గానీ," అంది రిబ్కమ్మ మెల్లగా, "డబ్బా మోగితే ఆగు నాయనా."

తోట మధ్యకొచ్చాడు. ఆకు కదలడం లేదు. నోట్లో కీర్తన మొదలైంది...

టంగ్...

గబ్బిలం అనుకున్నాడు.

టంగ్... టంగ్...

వీటి సణుగుడు ఎప్పుడూ ఉండేదే అనుకుని అడుగు ముందుకేశాడు — మొక్కల కోసం తవ్విన గోతిలోకి. చేతిలో పెట్టె ఎగిరింది. నాలుగొందల కార్డులు చీకట్లో పడ్డాయి. వరస తప్పిందంటే లెక్క పోయినట్టే, ఉద్యోగమూ పోయినట్టే.

పైకి పాకి నేలంతా తడిమాడు. కార్డులు చెదిరి లేవు...

గోతి అంచున దొంతరగా పేర్చి ఉన్నాయి.

పెట్టెలో కుక్కుకుని బస్సు దాకా పరుగే.

సోమవారం యంత్రం కార్డులన్నీ చదివింది. ఒక్కటీ వరస తప్పలేదు. ఈసారి హెచ్చరికలు కూడా వేసింది. మూడోది చూసి నాలిక కరుచుకున్నాడు. పెద్ద అంకెని చిన్నచోట ఇరికించాడట, దాని తోక తెగిపోతోందట. అది దిద్దాడు. వంతెన నిలబడింది, ఉద్యోగం నిలబడింది.

పెట్టె మొత్తం వెతికాడు. ఎర్ర గీత కార్డు ఒక్కటే లేదు.

మళ్లీ సెలవుకి, పట్టపగలు, తల్లిని తోడు తీసుకుని తోటకి వెళ్లాడు. తొమ్మిదేళ్ల కిందట కోసిన తాడు... ముడి వేసి ఉంది. ముడిలో ఎర్ర గీత కార్డు.

"తీసుకుంటావా?" అంది రిబ్కమ్మ.

"ఆయన దగ్గరే ఉండనీవే అమ్మా," అని గొణిగి వెనక్కి తిరిగాడు.

టంగ్...

చిన్నరాయప్ప ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేశాడు.