నొక్కిపట్టిన చెయ్యి

నందిగామ స్కానింగ్ సెంటర్లో మధ్యాహ్నం పెద్దగా జనం లేరు. కోడలు కృష్ణప్రియ బయట కుర్చీలో ఫోన్ చూసుకుంటోంది. నేను లోపల మంచం మీద చీర కుచ్చిళ్ళు గట్టిగా పట్టుకుని పడుకున్నాను.

వారం కిందట బెజవాడలో నాకు గజ్జల్లోని రక్తనాళంలోంచి గొట్టం పంపి గుండె చూశారు. ఆ రంధ్రాన్ని చిన్న బిరడా లాంటిది పెట్టి మూశారు. అది సరిగ్గా కూర్చుందో లేదో స్కాన్ తీయించుకోమన్నారు. కూర్చోలేదని నాకు తెలుసు. అక్కడ నిమ్మకాయంత గడ్డ లేచి గుండెలాగే కొట్టుకుంటోంది. కోడలికి కూడా చెప్పలేదు. ఎక్కడని చెప్పను, సిగ్గు లేకుండా?

జగ్గయ్యపేటలో అయితే తెలిసినవాళ్ళుంటారని ఇంత దూరం వచ్చాను. తీరా చూస్తే డాక్టరు మా ఊరు చిల్లకల్లు రవితేజ! నేను చంకనేసుకుని అన్నం తినిపించిన పిల్లాడు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది.

"వాపేమైనా ఉందా పెద్దమ్మా?"

"ఏం లేదు నాయనా, బానే ఉన్నా."

నా ఇబ్బంది కనిపెట్టినట్టున్నాడు. "సిస్టర్ని పంపిస్తా, ఉండు," అని బయటికెళ్ళాడు.

గదిలో మిషను తెర వెలుగొక్కటే. ఏసీ చలి. జెల్లీ వాసనలో తడిసిన ఇనుము వాసన ఏదో కలిసింది. తలుపు చప్పుడు వినలేదు గానీ, పక్కన ఒకామె నిలబడి ఉంది. మొహం నీడలో ఉంది. నడుముకి దుప్పటి చుట్టుకుంది. సిస్టరే అనుకున్నాను.

"సిగ్గుపడకక్కా," గుసగుసగా అంది. "వదులు చెయ్యి."

ఆడమనిషే కదా అని కుచ్చిళ్ళు వదిలాను. స్కాన్ పరికరం ఒక చేత్తో ఆనించి, రెండో చేత్తో గడ్డని నొక్కింది. మంచుగడ్డలా ఉందా చెయ్యి. తెర మీద ఎరుపూ నీలం సుడి తిరిగాయి. మిషను బుస్... బుస్... అంది. ఆమె నొక్కుతూనే ఉంది. నొప్పికి పళ్ళు బిగపట్టాను. బుస్... చప్పుడు సన్నబడింది. ఆగిపోయింది.

"నేనూ దాచా అక్కా. ఎవరికీ చూపించలా. తెల్లారేసరికి పరుపంతా నెత్తురు..."

నా గడ్డ మీంచి చెయ్యి తీసింది.

"ఇప్పుడు నాది పట్టు."

నా చెయ్యి లాక్కుని దుప్పటి కింద పెట్టుకుంది. తడి... వెచ్చగా... అరచేతి కింద ఏదో కొట్టుకుంటోంది.

"ఛీ!" అని లాగేసుకున్నాను. భయంతో కాదు, రోతతో. నా గడ్డ పట్టుకున్న మనిషిని నేను ముట్టుకోలేకపోయాను. అదీ నా బతుకు.

"కాసేపు పట్టవా... అక్కా..."

తలుపు తెరుచుకుంది. లైటు వెలిగింది. ఆమె లేదు. "ఆలస్యమైందండి," అంటూ సిస్టర్ కృపావతి వచ్చింది, వెనకే రవితేజ.

స్కాన్ చేసి అతను తెర వంక చాలాసేపు చూశాడు. "బిరడా పక్కనించి రక్తం కారింది పెద్దమ్మా. ఇప్పుడు గడ్డకట్టి ఆగింది. ఎవరన్నా గట్టిగా, చాలాసేపు నొక్కిపడితేనే ఇలా ఆగుద్ది. ఎవరు పట్టారు?"

నేను కుచ్చిళ్ళు సర్దుకున్నాను.

తిరుగు బస్సులో కృష్ణప్రియ నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"అత్తయ్యా, అరచెయ్యేంటి ఇలా కొట్టుకుంటుంది?"

చూశాను. అరచేతి మధ్య చర్మం లేస్తోంది, పడుతోంది. నా గుండె దడదడలాడుతోంది. అరచేతిలోది మాత్రం నెమ్మదిగా... ఆగి... ఆగి...

"ఏం లేదమ్మా," అన్నాను.

చెయ్యి కొంగులో దాచుకున్నాను.