పిచ్చుక గొంతు, టకటక బీట్

మధ్యాహ్నం భోజనాల బెల్ ఇంకా మోగుతూనే ఉంది. టకటక అప్పటికే మ్యూజిక్ రూమ్‌లో కీబోర్డ్ ముందు కూర్చుంది. ఆ అమ్మాయి చేతులు ఊరుకోవు. బల్ల, కంచం, తమ్ముడి వీపు, ఏది దొరికితే దానిమీద దరువు వేస్తుంది. అందుకే ఆ పేరు వచ్చింది. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, కానీ టీచరమ్మ కూడా మర్చిపోయారు.

శుక్రవారం స్కూల్లో ప్రోగ్రామ్. ఐదో తరగతి తరఫున ఒక హిప్ హాప్ పాట. మాటలు రాసిందీ, పాడేదీ వాళ్ల క్లాసు అమ్మాయే, పిచ్చుక. బీట్ టకటకది. డ్రమ్స్ ట్యాబ్‌లో మోగుతాయి, వాటిమీద టకటక కార్డులు వాయిస్తుంది. కార్డ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. మూడు కీలు ఒకేసారి నొక్కితే వచ్చే శబ్దం, అంతే.

టకటక నెల రోజులు వీడియోలు చూసి నాలుగు కార్డులు నేర్చుకుంది. స్కూల్ కీబోర్డ్ పాతది. సగం బటన్లు పనిచెయ్యవు గానీ కీలు మాత్రం గట్టివి. వాటిమీద నాలుగు రంగు స్టిక్కర్లు అంటించుకుంది. స్టిక్కర్ ఉన్న తెల్ల కీ నొక్కాలి, ఒకటి వదిలి ఇంకోటి, మళ్లీ ఒకటి వదిలి ఇంకోటి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, మళ్లీ ఎరుపు. నల్ల కీలతో తనకు పనే పడలేదు.

బీట్ అదిరిపోయింది. ఆ సంగతి టకటకకు అందరికంటే బాగా తెలుసు.

పిచ్చుక వచ్చి మొదలుపెట్టింది. చూడ్డానికి పిట్టంత ఉంటుంది గానీ గొంతు మాత్రం లోతు. చకచకా చెప్పే మాటలన్నీ బాగానే దొర్లాయి. పల్లవిలో పై లైన్ దగ్గరికి వచ్చేసరికి గొంతు కీచుమని చీలిపోయింది. మూడుసార్లు పాడితే మూడుసార్లూ అంతే. శ్రుతి కాస్త కిందికి దించవా అని అడిగింది.

టకటక వాయించడం ఆపలేదు. "బీట్ అయిపోయింది. ఇప్పుడు మార్చడం కుదరదు. నువ్వే ప్రాక్టీస్ చెయ్యి. రాకపోతే ఆ ముక్క ఇంకెవరిచేతైనా పాడిద్దాం."

పిచ్చుక పాట కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

"అయితే మొత్తం వాళ్లచేతే పాడించుకో. మాటలు కూడా వాళ్లనే రాసుకోమను."

తలుపు చప్పుడు చెయ్యకుండా వేసి వెళ్లిపోయింది. గట్టిగా వేసినా టకటకకు ఇంత బాధ అనిపించేది కాదు. అది నెల రోజులుగా పిచ్చుక రాసి, కొట్టేసి, మళ్లీ రాసుకున్న పాట.

సరే, దించితే పోలా అనుకుంది. స్టిక్కర్లన్నీ ఒక్కో తెల్ల కీ ఎడమకు జరిపి వాయించింది. ఎరుపు దిగులుగా ఉండాల్సింది, హుషారుగా మోగింది. ఆకుపచ్చ దగ్గర పళ్లు జివ్వుమన్నాయి. వేళ్లు చూసుకుంది, స్టిక్కర్లు చూసుకుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, పాట మాత్రం పాడైపోయింది. మార్చడం కుదరదని పెద్దగా చెప్పింది గానీ, నిజానికి తనకు మార్చడం రాదు.

బడి వదలగానే అత్త షాపుకు వెళ్లింది. అత్త పాడైన కీబోర్డులు, గిటార్లు బాగుచేస్తుంది. ఆరోజు ఒక కీబోర్డ్ మూత విప్పి బ్రష్‌తో దుమ్ము దులుపుతోంది. టకటక జరిగిందంతా చెప్పింది, పిచ్చుకతో అన్న మాట ఒక్కటి తప్ప. అత్త అదీ కూపీ లాగింది. స్క్రూడ్రైవర్‌తో పక్కనున్న కీబోర్డ్ చూపించి, జరపకముందటి ఎరుపు కార్డ్ నొక్కమంది.

"కింది కీ నుంచి మధ్య కీకి ఎన్ని అడుగులో లెక్కపెట్టు. నల్ల కీలను వదలకు, అవీ అడుగులే."

టకటక లెక్కపెట్టింది. మూడు అడుగులు. అక్కణ్ణుంచి పై కీకి నాలుగు. పసుపు కార్డ్ అలా కాదు, ముందు నాలుగు, తర్వాత మూడు. ఆకుపచ్చ, నీలం కూడా నాలుగు, మూడు. ఇక జరిపాక పళ్లు జివ్వుమనిపించిన కార్డ్ చూస్తే మూడు, మళ్లీ మూడు.

"ఒక అడుగు ఏమైపోయింది?"

"నువ్వే మింగేశావు. తెల్ల కీలన్నీ సమానదూరంలో ఉన్నాయనుకున్నావు. కొన్నింటి మధ్య నల్ల కీ ఉంది, కొన్నింటి మధ్య లేదు. రంగులు కాదే, అడుగులు గుర్తుపెట్టుకో. అన్ని కార్డులూ సరిసమానంగా అడుగులు జరిగితే పాట ఎక్కడికైనా వస్తుంది."

టకటక సాయంత్రమంతా నల్ల కీలు, తెల్ల కీలు కలిపి లెక్కపెడుతూ వాయించింది. అదే పాట ఒక చోట, అదే పాట ఇంకో చోట. వేళ్లు తడబడ్డాయి, తర్వాత దారికొచ్చాయి. ఇంత తేలికా అనిపించింది. అప్పుడే అసలు ప్రశ్న గుర్తొచ్చింది. ఇంతకీ ఎక్కడికి దించాలి?

"నన్నడుగుతావేం? పాడేది నేనా?" అంది అత్త.

మర్నాడు టకటక అందరికంటే ముందు వచ్చి స్కూల్ గేటు దగ్గర నిలబడింది. పిచ్చుక కనపడగానే ఎదురెళ్లింది. రాత్రి బోలెడు మాటలు సిద్ధం చేసుకుంది గానీ నోటికి రెండే వచ్చాయి.

"నిన్న అలా అనకుండా ఉండాల్సింది. కుదరదని కాదు, నాకు రాదు."

"ఇప్పుడు వచ్చా?"

"సగం వచ్చింది. మిగతా సగం నీ దగ్గరుంది."

పిచ్చుక కాసేపు బింకంగా నిలబడి, చివరికి వెంట నడిచింది. మ్యూజిక్ రూమ్‌లో నిలబడి, బీట్ వెయ్యమంది. టకటక వెయ్యలేదు.

"ముందు నువ్వు పాడు. పల్లవి, నీకు హాయిగా ఉన్న చోటునుంచి. నేను వెతుక్కుంటాను."

పిచ్చుక మెల్లగా పాడింది. పల్లవి చివర గొంతు వచ్చి ఆగిన చోటు కోసం టకటక ఒక్కో కీ నొక్కి చూసింది. ఇది కాదు, ఇదీ కాదు. ఒక నల్ల కీ సరిగ్గా అతికింది. దానినుంచి మూడు అడుగులు, తర్వాత నాలుగు లెక్కపెట్టి ఎరుపు కార్డ్ పట్టింది. మిగతా మూడూ అక్కణ్ణుంచే కట్టుకుంటూ వచ్చి, డ్రమ్స్ వేసింది.

పై లైన్ ముందు పిచ్చుక అలవాటుగా భుజాలు బిగించింది. లైన్ వచ్చింది. గొంతు చీలలేదు. గది నిండా పరుచుకుంది.

"ఇంకొంచెం దించనా?" అని అడిగింది టకటక.

"వద్దు, ఇక్కడ బాగుంది," అని పిచ్చుక కాగితం తీసి స్టాండ్ మీద పెట్టింది.