బొమ్మకు ఎముకలు

సిరొంచ బజార్లో మా స్టూడియో ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఉమాకాంత్ వాళ్ళ ఇనుప సామాన్ల దుకాణం ఎక్కడంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. ఆ దుకాణం మీది గదే మా స్టూడియో. బోర్డు చూసి వారానికి ఒకరైనా మెట్లెక్కి వచ్చి పాస్‌పోర్టు ఫొటో తీయమంటారు. ఇక్కడ కంప్యూటర్ ఆటలు తయారుచేస్తామని చెబితే, "గంత చదువు చదివి ఆటలాడుకుంటున్నరా బిడ్డా?" అని జాలిపడి వెళ్ళిపోతారు. నాకు ఒళ్ళు మండేది. ఉమాకాంత్‌కి నవ్వొచ్చేది.

మేం ముగ్గురమే. ఉమాకాంత్ బొమ్మలు చేస్తాడు. వాటిని నడిపించే కోడ్ నేను రాస్తాను. మా తమ్ముడు రూపేష్ ఒంటికి పట్టీలు కట్టుకుని నడుస్తాడు, దూకుతాడు, కర్ర తిప్పుతాడు. ఆ కదలికలు బొమ్మలకు ఎక్కుతాయి. ఆట తయారయ్యాక ముందుగా ఆడి చూసేది కూడా వాడే. నాన్న పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళు. వాడిని సగం అమ్మ పెంచింది, సగం నేను పెంచాను. వాడి మీద ఈగ వాలినా నాకు కోపం వచ్చేది. ఇప్పటికీ అంతే.

ఆ ఎండాకాలం ఒక దెయ్యం ఆట మొదలుపెట్టాం. కళ్ళకు పెద్ద అద్దాలు పెట్టుకుంటే ఎదుట పాడుబడ్డ మిల్లు కనిపిస్తుంది. అందులో ఒకడు కర్ర పట్టుకుని వెంటపడతాడు. వాడిని కొట్టి బయటపడాలి. మిల్లు కోసం అంకిస ఊరికి పోయే దారిలో ఎప్పుడో మూతపడిన టేకు కోత మిల్లుకు పోయాం. పొద్దుటి నుంచి ఎండ నడినెత్తికెక్కేదాకా లోపల అంగుళం వదలకుండా ఫొటోలు తీశాం. వాటన్నిటినీ అతికించి కంప్యూటర్ అచ్చం అలాంటి మిల్లునే కట్టి ఇస్తుంది. ఈ పనిలో ఒక సూత్రం ఉంది. కదిలేది ఏదీ అందులో అతకదు. కుక్క అడ్డం వచ్చినా, మనిషి నడిచినా చెరిగిపోతుంది. ఫొటోలు తీసినంతసేపూ కదలకుండా ఉన్నదే బొమ్మగా మిగులుతుంది.

మిల్లు ఎదురుగా చాయ్ అమ్మే యాదక్క మమ్మల్ని చూసి గొంతు తగ్గించింది.

"నడిమి గుంజ కాడికి పోకుండ్రి బిడ్డా. దుంగలు దొంగతనం చేసిండని ఒకన్ని దానికి కట్టేసి కొట్టి సంపిండ్రు. మా అత్త సెప్పేది."

చాయ్ తాగి, మిగతా వాటికంటే ఆ గుంజకే రెండు ఫొటోలు ఎక్కువ తీశాం. వద్దన్న పనే ముందు చేయడం మా ముగ్గురికీ ఉన్న రోగం.

ఫొటోలు అతికాక చూస్తే గుంజ దగ్గర ఏదో ముద్దలా ఉంది. తిప్పి చూశాం. మనిషి. తల వాలిపోయి ఉంది. చేతులు వెనక్కి, గుంజ చుట్టూ ఉన్నాయి. ముఖం ఉండాల్సిన చోట కరిగిన మైనంలా నున్నగా ఉంది. ఫొటోలన్నీ మళ్ళీ తిరగేశాం. ఒక్కదాంట్లో కూడా అక్కడ ఎవరూ లేరు.

"మంచిగైంది," అన్నాడు ఉమాకాంత్. "కొట్టేటోన్ని తయారుచేసే పని తప్పింది."

భయపడాల్సింది. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమే అయింది. నాగపూర్ నుంచి ఆట చూడటానికి మనుషులు వచ్చే రోజు దగ్గరపడింది.

ఉమాకాంత్ ముందు ఆ బొమ్మను గుంజ నుంచి వేరుచేశాడు. చేతులు ముందుకు తెచ్చాడు. బొమ్మ కదలాలంటే లోపల ఎముకలు పెట్టాలి. మా పనిలో అదే మాట వాడతాం. మెడకు, వెన్నుకు, మోకాళ్ళకు ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోయి, పక్కటెముకల దగ్గర ఆగి తల గోక్కున్నాడు. "ఈనకు ఇక్కడ అంత సొట్టలే ఉన్నయి వసుధా. ఎముక సక్కగ కూసుంటలేదు." ఎట్లాగో కూర్చోబెట్టాడు. రూపేష్ పట్టీలు కట్టుకుని ఒక పూటంతా వెదురు కర్రతో గోనెబస్తాను బాది, బొమ్మకు కొట్టే కదలికలు ఇచ్చాడు. నేను కోడ్ రాశాను. అద్దాలు పెట్టుకున్నవాడి దగ్గరికి పో, వాడు పడిపోయేదాకా కొట్టు, ఆగకు.

అంటే ఆ వారం మేం చేసిందేమిటి? కట్లు విప్పాం. ఎముకలు పెట్టాం. కొట్టడం నేర్పాం. ఎవరిని కొట్టాలో కూడా మేమే చెప్పాం.

ఆ రోజు మధ్యాహ్నం ఎండకు బజారంతా షట్టర్లు సగం దించుకుని నిద్రపోతోంది. మా గది కిటికీలకు తడిపిన వట్టివేళ్ళ తడకలు కట్టి ఉన్నాయి. లోపల చీకటిగా, చల్లగా ఉంది. కూలర్ గరగరమంటోంది. ఉమాకాంత్ ఏదో స్క్రూ కావాలని కింద దుకాణంలోకి దిగాడు. రూపేష్ అద్దాలు పెట్టుకున్నాడు. ఒంటికి మేం కుట్టిన జాకెట్టు వేసుకున్నాడు. ఆటలో దెబ్బ తగిలితే ఆ జాకెట్టు ఫోన్ మోగినట్టు చిన్నగా అదురుతుంది. అంతకుమించి దానికి బలం లేదు. దాన్ని నేనే కుట్టాను, నాకు తెలుసు.

రూపేష్ గాలిలో చేతులు విసురుతూ నవ్వుతున్నాడు. "అక్కా, వీడేందే? దెబ్బలు తింటుండు గని పడ్తలేడు."

తెర మీద చూశాను. బొమ్మ తల వంచుకుని నిలబడి ఉంది. రూపేష్ కొడుతున్నాడు. అది తింటోంది. నా కోడ్‌లో అలా నిలబడి దెబ్బలు తినమని ఎక్కడా లేదు.

వట్టివేళ్ళ వాసన పోయింది. పచ్చి కట్టె కోసినప్పుడు వచ్చే పొట్టు వాసన వచ్చింది. దాని కింద ఇంకేదో... తుప్పు వాసన.

బొమ్మ తల ఎత్తింది.

మేం దానికి తల ఎత్తడం నేర్పలేదు.

మొదటి దెబ్బ. తడి దుప్పటిని బండకేసి కొట్టినట్టు చప్పుడైంది. రూపేష్ నడుము దగ్గరికి రెండుగా వంగిపోయాడు.

"నాటకాలు చాలు," అన్నాను.

రెండోది. వాడి నోట్లోంచి పన్ను ఎగిరిపడి గచ్చు మీద టక్కుమంది. దాని వెంట నెత్తురు. మూడోది... పక్కలో ఏదో విరిగింది. ఎండు పుల్ల విరిగినట్టు, స్పష్టంగా విన్నాను. వాడు మోకాళ్ళ మీద పడ్డాడు. నేను పరిగెత్తి అద్దాలు లాగేశాను. దెబ్బలు ఆగలేదు. తీగలన్నీ పీకేశాను. తెర ఆరిపోయింది, కూలర్ ఆగింది. దెబ్బలు ఆగలేదు. నా కళ్ళముందే, ఎవరూ లేని గదిలో, వాడి వీపు మీద జాకెట్టు చీరుకుపోయింది. దాని కింద చర్మం చీరుకుపోయింది. వాడి మీద అడ్డంగా పడుకున్నాను. నాకు ఏమీ తగల్లేదు. నా కిందనే వాడు దెబ్బ దెబ్బకూ ఎగిరెగిరి పడుతున్నాడు.

"అక్కా..." నెత్తురు నిండిన నోటితో గొణిగాడు. "పేర్లు... పేర్లు అడుగుతుండు..."

"ఎవరురా?"

"తెల్వదన్నా... నాకు తెల్వదు... కొట్టకు..." వాడు నాతో మాట్లాడటం లేదు.

అద్దాలు నా కళ్ళకు పెట్టుకున్నాను. తీగ పీకేసి ఉంది. లోపల నల్లగా ఉండాలి.

లేదు. మిల్లు ఉంది. పైకప్పు సందుల్లోంచి ఎండ పడుతోంది. పొట్టు ఎగురుతోంది. వాడు అటు తిరిగి నిలబడి కింద నేలను బాదుతున్నాడు. అక్కడ నాకు ఎవరూ కనిపించలేదు. కానీ నా తమ్ముడి ఏడుపు అక్కడినుంచే వస్తోంది.

"ఆపు," అన్నాను.

వాడు ఇటు తిరిగాడు. ముఖం లేదు. నోరు ఉండాల్సిన చోట మైనం సాగి... చినిగింది.

"ఇంకెవరెవరున్నర్రా?" చాలా మెల్లగా అడిగాడు. "పేర్లు చెప్పు."

ఆడమనిషిని పట్టుకుని 'రా' అన్నాడు. అవి వాడి మాటలు కావు. వాడిని కొట్టినవాళ్ళు అన్న మాటలు. వాడికి వచ్చినవి అవే.

వాడు కర్ర పైకెత్తాడు. నా మీదికి కాదు, కింద నేల మీదికే. ఈసారి తలను చూసుకుని ఎత్తాడు.

"ఉమాకాంత్," అన్నాను.

నీ పేరే చెప్పుకోవచ్చు కదా అంటారేమో. చెప్పుకోవచ్చు. ఆ నిమిషంలో మీరు అక్కడ లేరు. నాకు నోటికొచ్చింది అదే. మళ్ళీ ఆ కర్ర నా తమ్ముడి తల మీదికి లేస్తే, మళ్ళీ అదే చెప్తాను.

వాడు కర్ర దించాడు. ఒక్క అడుగు వేశాడు. అద్దాల్లో చీకటి పడింది.

కింద దుకాణంలో ఇనుప పైపులన్నీ ఒక్కసారిగా కూలాయి. "అమ్మా!" అని ఒకే ఒక్క కేక. తర్వాత అదే చప్పుడు. తడి దుప్పటి, బండ. తడి దుప్పటి, బండ. నేను కిందికి పోలేదు. రూపేష్ తల నా ఒళ్ళో ఉంది. పెదాలు నల్లబడ్డాయి. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి లేదు.

"రూపేష్! ఒరే రూపేష్! రూపేష్!"

గొంతు చిరిగేలా అరిచాను. కింద చప్పుడు ఆగింది. వాడి ఛాతీ ఒక్కసారి పైకి లేచింది. కళ్ళు తెరిచాడు. ఏడుస్తూ వాడిని గుండెకు హత్తుకున్నాను. అంత సంతోషం నా జన్మలో ఎరగను.

నేను మెట్లు దిగేసరికి ఎదురు సైకిల్ దుకాణం మెహబూబ్ చాచా పరిగెత్తుకొచ్చి షట్టర్ ఎత్తాడు. "యా అల్లా... ఎవరు చేసిండ్రు బేటీ ఇది?" లోపల ఉమాకాంత్ ఒక్కడే ఉన్నాడు. దవడ ఊడి పక్కకు వేలాడుతోంది. చొక్కా, వీపు కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. నా వెనకే దిగివచ్చిన రూపేష్ అతన్ని రెండు చేతులతో ఎత్తుకుని మెహబూబ్ చాచా పిలిచిన ఆటోలో పడుకోబెట్టాడు. తర్వాత దవాఖానాలో డాక్టరు రూపేష్‌కి రెండు పక్కటెముకలు విరిగాయన్నాడు, చెంబెడు నీళ్ళు కూడా ఎత్తొద్దన్నాడు. అన్నలాంటివాడి మీద ప్రేమ ఎంత పనైనా చేయిస్తుందని మెహబూబ్ చాచా కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

పోలీసులు దుకాణంలో దొంగలు పడ్డారని రాసుకున్నారు. రూపేష్ దెబ్బల సంగతి అడిగితే మెట్ల మీంచి పడ్డాడని చెప్పాను. ఆ బొమ్మను చెరిపేద్దామని కంప్యూటర్ తెరిచాను. మిల్లు ఉంది, గుంజ ఉంది. బొమ్మ లేదు.

పది రోజులకు యాదక్క పలకరించడానికి వచ్చింది. అప్పుడు మిగతాది చెప్పింది. "దుంగలు ఎత్తుకపోయినోళ్ళు ఇంకెవరున్నరు, పేర్లు చెప్పు అనుకుంట కొట్టిండ్రట బిడ్డా. ఒక్కని పేరు సుత సెప్పలే వాడు. చెప్తే ఇడిసిపెడ్దురు. చెప్పలే, సచ్చిండు."

ఉమాకాంత్ చావలేదు.

ఆ సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. బతికాడంటే, ఎవరి పేరో చెప్పి ఉండాలి. తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. అందరూ బాగానే ఉన్నారు. నెలన్నరకు, చంద్రపూర్ ఆస్పత్రిలో అతని దవడకు వేసిన తీగలు తీశారని తెలియగానే బయల్దేరాను. అంత దూరమూ రూపేష్ బైక్ మీద తీసుకుపోయాడు. దారిలో ఒక్కసారి కూడా ఆపలేదు.

రూపేష్ కింద బైక్ పెట్టడానికి ఆగాడు. నేను ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాను. ఉమాకాంత్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"నా పేరు నువ్వే చెప్పినవని నాకు ఎర్కే వసుధా. తమ్ముని కోసం నేనైనా గంతే చేద్దు."

ఏడుపు ఆపుకోలేకపోయాను. కాసేపటికి అడిగాను. "మరి నువ్వు... ఎవరి పేరు చెప్పినవ్ ఉమా?"

"నేనా? మొదటి దెబ్బకే దవడ ఇరిగింది. ఏం చెప్తా?" వింతగా చూశాడు. "పైనుంచి నువ్వే గద చెప్పినవ్."

"నేనేం చెప్పిన?"

"రూపేష్ అని. మూడు మార్లు. అది ఇని వాడు కర్ర పడేసిండు. మెట్లెక్కిండు."

"మా గదికి ఎవరూ రాలేదు ఉమా. తలుపు తీసే ఉండె. నేను అక్కడనే ఉన్న."

"ఎక్కిండు. మెట్ల కాడనే పడి ఉన్న గద నేను, సూసిన." గొంతు ఇంకా తగ్గించాడు. "ఎక్కిండు... మళ్ళ దిగలే."

చెప్పి, నా భుజం మీంచి చూసి, దుప్పటి నోటిదాకా లాక్కున్నాడు.

గుమ్మంలో రూపేష్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు.

"ఏమంటుండక్కా అన్న?" మెల్లగా అడిగాడు. "ఎవరి పేరైనా చెప్పిండా?"

నేను చున్నీ మడిచి నోటికి గట్టిగా అడ్డం పెట్టుకున్నాను.