తీరానికి వెళ్లవద్దన్న రోజు

పడవ తనంతట తానే ముక్కు సముద్రం వైపు తిప్పుకుంది.

"నాగావళి నది మొగ దగ్గర కెరటాలు ఉధృతంగా ఉన్నాయి. మీ క్షేమం కోసం దారి మార్చాం" అని చెప్పింది, చంటిపిల్లను జోకొట్టే గొంతుతో.

పైడిలత చేతిలో మామిడికాయ ముక్కలు కోస్తున్న కత్తి ఆగిపోయింది. తెల్లవారుతూనే విశాఖలో బయలుదేరిన కుటుంబం వాళ్లది. బీచి రోడ్డు నీళ్లలో కలిసిపోయిన నాటి నుంచి వేసవి సెలవులంటే ఇవే, ఇంటిల్లిపాదీ మోటారు పడవెక్కి ఒడ్డు వెంబడే బారువ దాకా పోయి రావడం. భీమిలి దాటారు, కోనాడ దాటారు. ఆమె భర్త ఢిల్లేశ్వరరావు పులిహోర తిని, టోపీ మొహం మీద వేసుకుని కునుకు తీస్తున్నాడు. కూతురు ఆమని ముందు భాగంలో కాళ్లు నీళ్లలోకి వేలాడేసి కూర్చుంది. చుక్కాని పట్టినవాళ్లు ఎవరూ లేరు. ఈ రోజుల్లో ఎవరూ పట్టరు.

"మళ్లీ అదే పాట" అంది పైడిలత. "ఆమనీ, నీవి పడుచు కళ్లు. మొగ వైపు చూసి చెప్పు, కెరటాలు ఎలా ఉన్నాయి?"

ఆమని చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "మామూలుగానే ఉన్నాయమ్మా. రెండు పడవలు లోపలికి కూడా పోతున్నాయి."

పైడిలత కుడిచేతి గాజు వెచ్చబడింది. గాజు అంటే గాజు కాదు, ఎడకాపు.

ఎడకాపు పుట్టింది మంచికే. ఆడపిల్లల వెంటపడే పోకిరీల బాధ పడలేక పెద్దలు చేయించిన సాధనం అది. మణికట్టు మీద కూర్చుని నెత్తురు చెప్పే మాట వింటుంది. ఒక మనిషి పేరు వినగానే, ఆ మనిషి దగ్గరికి రాగానే గుండె అదిరిందంటే, ఆ మనిషి మీకు కీడని ముద్ర వేసుకుంటుంది. ఇక ఆ క్షణం నుంచి ఊళ్లోని బళ్లూ పడవలూ లిఫ్టులూ ఫోన్లూ అన్నీ ఏకమై మీ ఇద్దర్నీ ఎదురుపడనివ్వవు. ఆ సంగతి మీకు చెప్పవు కూడా. చెబితే మళ్లీ గుండె అదురుతుంది కదా. అందుకని వానంటాయి, మరమ్మతంటాయి, కెరటాలంటాయి. ఒకరి గాజుకు పడిన ముద్ర ఇంటిల్లిపాదికీ వర్తిస్తుంది.

పోకిరీల పీడ నిజంగానే వదిలింది. ఆ మాట కాదనకూడదు. తర్వాత జనం దాని సుఖం మరిగారు. అద్దెకున్నవాడికి ఇంటాయన కనబడడు, కోడలికి ఆడపడుచు తారసపడదు. పెళ్లిళ్లలో మూతిముడుపులు లేవు. అలకపాన్పు మీద కూర్చున్న పెళ్లికొడుక్కి బావమరిదితో నిజంగానే పడకపోతే, ఆ బావమరిది ఎక్కిన ఆటో తిన్నగా వేరే ఊరి పెళ్లికి పోయేది. ఢిల్లేశ్వరరావు తన మేనమామ కొడుకును చూసి పదేళ్లు దాటింది. హాయిగా ఉందనేవాడు.

ఒక్కటే మరిచారు. మన కోపాలు చల్లారేది ఎక్కడ? ఆసుపత్రి వరండాలో, బస్సులో పక్క సీట్లో, ఎవరిదో శుభకార్యంలో విస్తరి ముందు. ఎదురుపడితేనే కదా నాలుగు తిట్టుకునేది, తిట్టుకుంటేనే కదా ఏడుపు వచ్చేది, ఏడిస్తేనే కదా "సరే గానీ, అన్నం తిన్నావా" అనుకునేది. ఆ చోట్లన్నీ ఎడకాపు ఊడ్చిపెట్టేసింది.

మొగ ఒడ్డున ఉన్న ఊరు పాతమొగ. పైడిలత పుట్టిల్లు. అక్కడ ఆమె అప్ప, అంటే తోడబుట్టిన అక్క, నూకరత్నం ఉంది. ఇద్దరికీ మాటలు లేక పన్నెండేళ్లు.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట ఉంటుంది. దాని మీద కెరటాలు విరుగుతాయి. సముద్రం వైపు నుంచి వచ్చే పడవకు కెరటాల వీపులే తప్ప అవి ఎక్కడ విరుగుతున్నాయో కనిపించదు. అందుకని ఒక మనిషి ఇసుక కొమ్ము మీద నిలబడి సైగ చేయాలి. అరచెయ్యి ఎత్తితే ఆగమని, తువ్వాలు తిప్పితే రమ్మని. వాళ్ల నాన్న పైడిరాజు పడవకు ఆ ఇంట్లో సైగ నూకరత్నానిది, చుక్కాని పైడిలతది. చిన్నప్పటి నుంచీ అంతే, పెళ్లయ్యాక పుట్టింటికి వచ్చినప్పుడూ అంతే. ఒకనాడు పడవ కెరటం కింద పడింది. నాన్న కాలు విరిగింది, మళ్లీ సరిగా కూడుకోలేదు. "నువ్వు రమ్మన్నావు" అంది చెల్లెలు. "నేను ఆగమన్నాను, నువ్వే ఆగలేదు" అంది అప్ప. ఆ మాట మీద మాట పెరిగి, నీ గడప తొక్కనంటే నీ గడప తొక్కనని ఇద్దరూ ఒట్లు పెట్టుకున్నారు. ఇలాంటి ఒట్లు మామూలుగా గంగమ్మ పండగ వరకే ఉంటాయి. వీళ్ల ఒట్టును గాజులు కాపాడాయి.

నాన్న పోయినప్పుడు కూడా. ఆ రోజు పైడిలత పడవ ఉదయం చేరింది. అప్ప పొరుగూరు పోయిందన్నారు. సాయంత్రం దాకా ఉందామంటే పోటు వస్తోందని పడవ ఆమెను తొందరపెట్టి తీసుకుపోయింది. తను వెళ్లాక అప్ప వచ్చి అదే చాప మీద కూర్చుని ఏడ్చిందని తర్వాత తెలిసింది. నాన్న దగ్గర కూడా నా మొహం చూడలేకపోయిందని పైడిలత ఏళ్ల తరబడి కుమిలింది.

గుట్టు బయటపడింది పోయిన వేసవిలో. ఎదురింటి అప్పలకొండ పాతమొగ నుంచి ఎండురొయ్యలు తెచ్చి, "సముద్రం ఎంత నెమ్మదిగా ఉందో వదినా" అంది. అదే రోజు, అదే మొగ దగ్గర తుపాను గాలని చెప్పి పైడిలత పడవ చుట్టు తిరిగి పోయింది. ఆమె ఎడకాపు ఆఫీసుకు వెళ్లింది. అక్కడి కుర్రాడు మర్యాదగా కుర్చీ వేశాడు.

"ముద్ర మీ నెత్తుట్లో ఉందో, ఆవిడ నెత్తుట్లో ఉందో చెప్పడానికి రూలు ఒప్పుకోదండి."

"పోనీ, చెరపడం ఎలాగ?"

"ఆవిడ్ని తలచుకున్నప్పుడు మీ గుండె నిదానంగా కొట్టుకోవాలండి. అంతే."

పైడిలత నెలల తరబడి డాబా మీద కళ్లు మూసుకుని అప్ప పేరు తలచుకుంది. తలచుకున్న ప్రతిసారీ గుండె దడదడలాడింది. భార్య ఏదో మంత్రోపదేశం తీసుకుందనుకుని ఢిల్లేశ్వరరావు మాంసం తెచ్చిన రోజున కూడా భయపడుతూ అడిగేవాడు, వండుతావా అని.

ఇప్పుడు పైడిలత కత్తితో పడవ వెనక భాగానికి నడిచింది. అక్కడ మనిషే చుక్కాని తిప్పుకునే చేతిదారి పెట్టె ఉంది, సీసం ముద్రతో. ప్రాణాపాయంలో తప్ప తెరవకూడదు. ఆమె కత్తి మొన ముద్ర కిందకి దూర్చింది.

ఢిల్లేశ్వరరావు టోపీ తీసి లేచి కూర్చున్నాడు. "ఏం చేస్తున్నావు లతా?"

"పుట్టింటికి పోతున్నానండీ."

"లైసెన్సు తీసేస్తారు. పడవ పట్టుకుపోతారు."

"పట్టుకుపోనివ్వండి. దిగాక పట్టుకుపోవచ్చు."

ఆమని తల్లి పక్కకు వచ్చింది. ఆ పిల్ల మెల్లగా అడిగింది, కానీ అడగవలసిందే అడిగింది. "అమ్మా, ముద్ర పెద్దమ్మ గాజుదే అయితే? నిజంగా నిన్ను చూడకూడదనుకుంటే?"

పైడిలత భయమూ అదే. ఆ భయం ఉండబట్టే కదా అప్పలకొండ చేత కబురు పంపలేదు. కబురుకు జవాబు రాకపోతే మళ్లీ ఏళ్ల తరబడి కారణాలు వెతుక్కోవాలి.

"వద్దనుకుంటే నా మొహం మీద చెప్తుంది. విని వచ్చేద్దాం. గాజు చెబితే మాత్రం వినను."

పెట్టె మీది సీసం ముద్ర తెగింది. పడవ గొంతు రెండుసార్లు హెచ్చరించి ఊరుకుంది. చుక్కాని పిడి ఆమె చేతికి వచ్చింది. పన్నెండేళ్ల తర్వాత కూడా చెయ్యి దాన్ని మరిచిపోలేదు. పసుపు పడవ, నడుమున ఎర్ర గీత, నాన్న పడవకు వేసిన రంగులే ఏరి వేయించుకుంది దీనికి. అది మొగ వైపు తిరిగింది.

దగ్గరికి పోతుంటే కెరటాల వీపులు కనబడ్డాయి. వాటి వెనక విరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. మిగతా పడవలకు ఎప్పుడు దూరాలో యంత్రం చెబుతుంది. ఈమెకు చెప్పదు. పెద్ద కెరటాలు వరసగా వచ్చి పోయాక కాస్త తెరిపి ఇస్తాయని తెలుసు. ఆ తెరిపి ఎప్పుడన్నది ఇక్కణ్ణుంచి తెలియదు. గాజు మణికట్టును బిగించి అదురుతోంది. పైడిలతకు భయం వేసింది. పడవలో మొగుడూ కూతురూ ఉన్నారు. ఆనాడు నాన్న ఉన్నట్టే.

"ఎవరో ఉన్నారమ్మా, ఇసుక మీద" అంది ఆమని.

ఇసుక కొమ్ము చివర, మోకాలి లోతు నీళ్లలో ఒక ఆడమనిషి. ముతక చీర ఎగ్గట్టింది. కుడిచెయ్యి పైకెత్తింది. అరచెయ్యి ఇటు వైపు.

"వద్దంటోంది. చూశావా, రావద్దంటోంది. వెనక్కి తిప్పు లతా" అన్నాడు ఢిల్లేశ్వరరావు.

"వద్దనడం కాదండీ. ఆగమంటోంది."

పైడిలత మోటారు తగ్గించింది. ఆనాడు ఎవరు తప్పో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఇవాళ మాత్రం ఆ అరచేతి మీద నుంచి చూపు తిప్పలేదు. పడవ కింద నుంచి ఒక పెద్ద కెరటం లేచి ముందుకు పోయి విరిగింది. వెనకే ఇంకొకటి. దాని వెనక ఇంకోటి, ముందు రెండిటికంటే పెద్దది. అరచెయ్యి దిగలేదు. ఆమని తండ్రి చెయ్యి పట్టుకుంది.

అప్పుడు ఇసుక మీది మనిషి భుజాన ఉన్న తువ్వాలు లాగి గిరగిరా తిప్పింది.

పైడిలత మోటారును పూర్తి వేగానికి పెంచింది. పడవ తెల్లటి నురగలోకి దూసుకుపోయింది. ఎడమ పక్కకు ఒరిగింది, చుక్కాని తన్నింది, ఆమె మోచెయ్యి పెట్టి అణిచింది. మరుక్షణం కింద నది నీళ్లు, నెమ్మదిగా, ఆకుపచ్చగా. వెనక కెరటం విరిగిన చప్పుడు వినబడింది.

నూకరత్నం నడుము లోతుకు వచ్చి పడవ అంచు పట్టుకుంది. జుట్టు సగం నెరిసింది. ముందు పడవను ఒడ్డుకు లాగి, తర్వాత చెల్లెల్ని చూసింది.

"సిక్కిపోనావేటే పైడీ."

పైడిలత నీళ్లలోకి దిగింది. అప్ప చెయ్యి పట్టుకుంటే రెండు గాజులూ ఒకదానికొకటి తగిలి అదురుతున్నాయి. ముద్ర ఎవరి నెత్తుట్లో ఉందో ఆఫీసు చెప్పనిది అక్కడ తెలిసిపోయింది. ఇద్దరి నెత్తుట్లోనూ.

"నేను వస్తున్నట్టు నీకెవరు చెప్పారప్పా?"

"ఇదే." నూకరత్నం గాజు చూపించింది. "ఏటా ఎండల్లో ఒక్క రోజు నన్ను తీరానికి ఎల్లొద్దంటాది. ఎండదెబ్బంటాది, పాములంటాది, ఒక ఏడాది ఉప్పెనన్నాది. మొదట్లో నమ్మినాను. ఓ పాలి వినకుండా ఒచ్చి సూసినాను గదా, నాన్న రంగుల పడవ దూరంగా సుట్టు తిరిగి పోతంది. అప్పుడు తెలిసింది నువ్వని. అప్పట్నుంచి ఇది వద్దన్న రోజే ఒస్తన్నాను."

"ఒక పడవేసుకుని ఎదురు రాకపోయావా?"

"నా పడవనీ తిప్పీసింది. కబురెట్టాలనుకున్నాను. మల్లీ, సుట్టు తిరిగి పోయేది నువ్వే గదా, ఇష్టం నేదేమో అనుకున్నాను."

పైడిలత ఏడ్చింది. ఇష్టం లేదనుకున్న మనిషి కోసం ఏటా వచ్చి ఎండలో నిలబడిందా ఈవిడ?

"మరెందుకు వచ్చేదానివి, పెద్దమ్మా?" అని ఆమని అడిగింది, పడవలో నుంచి. పెద్దమ్మను ఆ పిల్ల ఏడేళ్లప్పుడు చూసింది.

నూకరత్నం ఆ పిల్లను ఎగాదిగా చూసి, తడి తువ్వాలుతో మొహం తుడుచుకుంది.

"పడవ పోతందంటే మీ యమ్మ బాగున్నట్టే గదా తల్లీ. అది కనబడకుండా పోయిందాకా నిలబడతాను. కాసేపటికి ఈ గాజు, తీరం క్షేమం, ఇక ఎల్లొచ్చు అంటాది. అప్పుడు ఇంటికి పోతాను."