ఉప్పునీటి గది

ఆ గదిలో గట్టిగా మాట్లాడకూడదు. నడుమ గాజుతొట్టి నిండా ఉప్పునీరు, అందులో రెండు లోహపు రేకులు, అడుగున స్పీకరు. శబ్దం తగిలితే ఉప్పునీరు పిసరంత నొక్కుకుంటుంది. ఆ పిసరంతకే అందులో పారే కరెంటు మారుతుంది. తెర మీద పచ్చగీత ఊగి ఆ సంగతి చెబుతుంది. ఎవరైనా దగ్గినా గీత గంతేస్తుంది. అందుకే అక్కడ అందరివీ గుసగుసలే. దీపాల రొద కూడా పడదని, కొలిచేటప్పుడు పట్టపగలే చీకటి.

అక్కడ కొలతలు తీసే ఆమె, బడికి సెలవని ఆ రోజు పాపను వెంట తెచ్చుకుంది. పాపకు ఆమె పిన్ని. తల్లి పోయాక తండ్రి కట్టుకున్న మనిషి. నీళ్లు కాచి చల్లార్చి తాగించింది, ఒళ్లు వెచ్చబడితే మంచం దిగకుండా కూర్చుంది. అయినా పాప నిద్రపోయేది ఫోనులోని కన్నతల్లి జోలపాటకే. బతికున్న సవతినైతే ఎదిరించొచ్చు. పోయినదానితో ఏం పోటీ?

"పిన్నీ, అమ్మ పాటకి గీత ఎలా ఆడుతుందో చూపించవా?"

ఫోనును స్పీకరుకు తగిలించి పాట పెట్టింది. గీత ఊయలలా ఊగింది. ఆ పచ్చని వెలుగులో పాప మొహం విప్పారింది. తన వైపు ఎన్నడూ అలా చూడలేదు. పాట ముగియగానే, ఇంకెక్కడా లేని ఆ పాటను ఆమె చీకట్లో ఫోనులోంచి చెరిపేసింది. స్పీకరు తీగ కూడా పీకేసింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది బంగారూ. ఇంక లేదు."

గీత ఆగలేదు.

అదే ఊపు. అదే విరుపు. చెవికి మాత్రం ఏమీ లేదు... ఉప్పు వాసనలో ఎక్కడిదో తడిజుట్టు వాసన కలిసింది.

"ష్, పిన్నీ... అమ్మ ఇంకా పాడుతోంది."

"పద, ఇంటికి పోదాం."

చేయి పట్టి లాగింది. పాప కదల్లేదు. తొట్టి మీదకు వంగింది.

"అమ్మా..."

గీత గంతేసింది.

ఇన్నాళ్లూ ఆమె కాచుకున్నది ఆ పిలుపు కోసమే. గది కట్టుబాటు మరిచి గొంతు చించుకుంది. "నేనమ్మా! నీ అమ్మను నేనే! ఇక్కడే ఉన్నా!"

దగ్గుకే గంతేసే గీత... బద్ద పెట్టి గీసినట్టు నిలిచిపోయింది. ఆమె ఎంత అరిచినా అంతే.

పాప మొహం నీళ్లకు మరింత దగ్గరైంది.

"నీ దగ్గరికి రానా, అమ్మా?"

గీత గంతేసి ఆగింది. పాప నోరు మూసుకుని ఎదురుచూసింది. గదిలో చీమ చిటుక్కుమనలేదు.

గీత మెల్లగా, మరొక్కసారి లేచింది... ఊఁ కొట్టినట్టు.