దూది అంగట్లో ఎర్ర లైటు

ఆదివారం పదకొండు గంటలకు కల్లూరులోని మదార్ సాహెబ్ పరుపుల అంగట్లో దూది ఏకే మిషన్ గిర్రున తిరుగుతోంది. పక్కనే ఆయన కూతురు షాహనా, అరచేతిలో చిన్న సెన్సర్ పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడింది.

శుక్రవారం బడిలో జీవిత టీచర్, ఇంటికి తీసుకెళ్లి గాలిని కొలవమని సెన్సర్లు రెండు రకాలు చూపించింది. వానకు తడవకుండా టోపీ ఉన్నది బయట తగిలించడానికి. చిన్నది ఇంట్లోకి.

"ఎవరు పీల్చే గాలి సంగతి తెలుసుకోవాలో ఆలోచించి తీసుకోండి. అంకె పెరిగే కొద్దీ గాలి చెడ్డదని లెక్క," అంది టీచర్.

అందరూ టోపీ ఉన్నదాని కోసం ఎగబడ్డారు. షాహనా మాత్రం చిన్నది తీసుకుంది. నాయన దగ్గు ఆమె మనసులో ఉంది మరి.

ఇప్పుడది మూడు వందల పది చూపిస్తోంది. పైగా ఎర్ర లైటు. సెన్సర్‌కు మొహమాటం తెలీదు కదా!

ఈ అంకెను రేపు క్లాసు గోడకు అంటించాలి. జడలో రెండు దూది పోగులు కనబడితేనే క్లాసులో నాగరాజ్ "దూది పాపా" అని ఏడిపిస్తాడు. ఇక ఇది చూస్తే ఊరుకుంటాడా? షాహనాకు తల కొట్టేసినట్టయింది. గబగబా పెరట్లోకి పోయి సెన్సర్‌ను బట్టల తీగకు కట్టింది. కాసేపటికి పచ్చ లైటు వెలిగింది. నలభై రెండు! కాగితం మీద "మా అంగడి: 42" అని రాసేసింది.

ఆ కాగితం చూసి మదార్ సాహెబ్ మురిసిపోయాడు.

"నలభై రెండేనా! అయితే మన అంగట్లో గాలి శానా బాగుండాది. మీయమ్మ ఊరికే గుడ్డ కట్టుకోమని సతాయిస్తాంది," అంటూ ముక్కుకు కట్టుకున్న టవల్ విప్పి మేకుకు తగిలించాడు.

రెండు నిమిషాలు కాలేదు, దగ్గు మొదలైంది. గోడ పట్టుకుని వంగిపోయి దగ్గుతున్నాడు. షాహనాకు ఏడుపు ముంచుకొచ్చింది. పరుగున పోయి మిషన్ ఆపేసింది.

"నాయనా, అది అంగడిది కాదు. పెరట్లోది. అందరూ నవ్వుతారని నేనే..."

మదార్ సాహెబ్ కాసిన్ని నీళ్లు తాగి కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు.

"నవ్వితే నవ్వనీలేమ్మా. మనం దూదితోనే బతుకుతాండాము. దాంట్లో సిగ్గేముండాది? సరే, ఈడ ఎంతుండాదో నాకూ చూపించు."

షాహనా ముందు టవల్ తెచ్చి, ఆయన ముక్కుకు రెండు ముళ్లు వేసి గట్టిగా కట్టింది. మిషన్ తిరుగుతుంటే సెన్సర్‌ను ఆయన మొహం దగ్గర పట్టుకుంది. మళ్లీ అదే ఎర్ర లైటు, అదే మూడు వందల పది. దుమ్ము బయటికి పోయేలా ఇద్దరూ కలిసి మిషన్‌ను పెరటి తలుపు దగ్గరికి జరిపారు.

సోమవారం గోడ మీది కాగితంలో 42 కొట్టేసి ఉంది. పక్కన పెద్ద అక్షరాలతో "310. మా నాయన ముక్కు దగ్గర" అని ఉంది.

నాగరాజ్ గట్టిగా చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. బెల్లు కొట్టాక అతనే ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"మా నాయన బండల పాలిష్ కాడ పని చేస్తాడు. ఒళ్లంతా తెల్ల దుమ్ముతో ఇంటికొస్తాడు," అన్నాడు మెల్లగా.

షాహనా బ్యాగులోంచి సెన్సర్ తీసి టీచర్ వైపు చూసింది. టీచర్ తలూపింది.

"ఇంటి గోడకు తగిలించొద్దు," అంటూ షాహనా దాన్ని నాగరాజ్ చేతిలో పెట్టింది. "మీ నాయన ముక్కు కాడ పెట్టు."