కిటికీలు మూసిన డాక్టరు

"టైమ్ పదకొండు. పన్నెండుకి నిపుణుల ముందు టెస్ట్. ఆలోపు ఆస్పత్రి ల్యాబ్‌లో ఉన్న కొత్త టెస్ట్ కిట్ మీద ఈగ వాలకూడదు," అన్నాడు చీఫ్. "మందులకు లొంగని క్షయని గంటలో పట్టేస్తుంది, అదీ కూలీనాలీ చేసుకునేవాళ్ళకి అందే ధరలో. ఖరీదైన మెషీన్లు అమ్ముకునే విదేశీ ముఠాకి కంటి మీద కునుకు లేదు. నువ్వు పేషెంటుగా వెళ్ళు. నీకు మేకప్ కూడా దండగ."

బక్కపలచగా ఉంటాడని డిపార్ట్‌మెంటంతా అతన్ని ఏజెంట్ పుల్ల అంటుంది. ఇవాళ ఆ జోక్‌కి పుల్లకి నవ్వు రాలేదు. అదే ఆస్పత్రిలో అతని అక్క ఉంది. నాలుగు నెలలుగా మందులు మింగుతూనే చిక్కి శల్యమైపోయింది. పాత పద్ధతిలో రిపోర్టుకి రెండు నెలలు. అక్కకి అంత టైమ్ లేదు. ఆమె కఫం శాంపిల్ ఇవాళ్టి టెస్టులోనే ఉంది.

"లోపల మన డబుల్ ఏజెంట్ ఉంటుంది, ముఠాని వదిలి వచ్చింది. పదేళ్ళు క్షయ వార్డులో చేసిన డాక్టరు. ఆవిడ అడిగే కోడ్: గొడుగు తెచ్చారా?" అన్నాడు చీఫ్.

పుల్ల దగ్గుతూ ల్యాబ్‌లోకి వెళ్ళాడు. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. బయట గార్డు. బల్ల మీద శాంపిల్స్, ఆఖర్న నిపుణుల ముందు కలపాల్సిన కెమికల్ సీసా. టెక్నీషియనమ్మ వాళ్ళని పిలుచుకురావడానికి వెళ్ళింది.

"గొడుగు తెచ్చారా?" అడిగింది లోపలున్న డాక్టరు. మాస్కు పైన కాటుక కళ్ళు, వేలికి ఎర్రరాయి ఉంగరం. అబ్బ, ఏం అందం!

"ఎండాకాలం కదండీ, అక్కర్లేదు."

"హమ్మయ్య. ఉండండి, దుమ్ము పడుతోంది," అంటూ ఆవిడ కిటికీలన్నీ మూసేసింది.

పుల్లకి అనుమానం వచ్చింది. చలికి వణికిపోయినా సరే, అక్క వార్డులో నర్సులు ఒక్క కిటికీ మూయనిచ్చేవారు కాదు. మూసిన గదిలో దగ్గితే జబ్బు గాల్లోనే ఉండిపోతుందనేవారు. పదేళ్ళు అలాంటి వార్డులో చేసిన మనిషి, వేషమని తెలిసినా సరే, దగ్గే పేషెంటు ఎదుట కిటికీలు మూస్తుందా? గార్డు కంట పడకూడదని కాకపోతే!

ఎర్రరాయి టక్కున తెరుచుకుంది. ఉంగరం సీసా మీదికి వంగింది. ఆ చుక్క పడితే ప్రతి శాంపిలూ పాత మందే పనిచేస్తోందని అబద్ధం చెబుతుంది. కిట్ పరువు గంగలో కలుస్తుంది, అక్క అదే పనికిరాని మందు మింగుతూ పోతుంది.

పుల్ల ఎగిరి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. చుక్క అతని చొక్కా చేతి మీద పడి పొగలు కక్కింది.

"ఎలా కనిపెట్టావ్?" ఆవిడ పళ్ళు కొరికింది.

"దుమ్ముకి భయపడ్డారు మేడమ్, దగ్గుకి భయపడలేదు."

గార్డు వచ్చి ఆవిడని పట్టుకెళ్ళాడు. పన్నెండయింది, నిపుణుల ముందు సీసాలోది కలిపారు. అక్క శాంపిల్ మీద ఎర్రగీత తేలింది. "పాత మందు పనిచేయట్లేదు. ఇవాళే మారుద్దాం," అంది టెక్నీషియనమ్మ. పుల్ల చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

టెక్నీషియనమ్మ అతని చేతిలో ఖాళీ డబ్బా ఒకటి పెట్టింది.

"నాకెందుకండీ? నాది ఉత్తుత్తి దగ్గు!"

"మొదట్లో అందరూ అదే అంటారు నాయనా. నాలుగు నెలలు అక్క పక్కనే కూర్చున్నావుగా. బయటికెళ్ళి గట్టిగా దగ్గి, ఇందులో ఉమ్మి పట్టుకురా."